దోనకుంట నీళ్ళు

కోడి కూయకముందే మార్తమ్మ గోనెపట్ట విప్పుతుంది. రాత్రి నీళ్ళు చల్లి చుట్టిపెట్టిన తునికాకు పొద్దుటికల్లా మెత్తబడి చేతికి చల్లగా తగులుతుంది. రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో ఆకు కోస్తుంది. చాట ఒళ్ళో పెట్టుకుని, చిటికెడు తంబాకు ఆకు మీద పరిచి, వేళ్ళ మధ్య దొర్లించి, కొస మడిచి, బీడీకి దారం చుడుతుంది. ఎదురుగా కూతురు ఎలిశిబా కూర్చుని అదే పని చేస్తుంది, తల్లికంటే వేగంగా. ఎదురింటి అజ్మత్ బీ తన చాట చంకన పెట్టుకుని వచ్చి గడప మీద చతికిలబడుతుంది. మెదక్‌లో పెద్దగుడి అనే చర్చి వెనక సందులో, మార్తమ్మ మగడు చనిపోయిన ఏడు నుంచీ, పొద్దు ఇట్లాగే మొదలయ్యేది.

మాట్లాడేది అజ్మత్ బీ ఒక్కతే. మార్తమ్మకు మాటలు తక్కువ. ఎలిశిబాకు అసలే లేవు. నాలుగో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ పిల్ల చెవులను వెంట తీసుకుపోయింది. చెవుల వెనకే మాటలూ పోయాయి.

"మీ తల్లిబిడ్డల లొల్లి వినలేక సస్తున్న," అనేది అజ్మత్ బీ రోజూ. "జర మెల్లగ మాట్లాడుకోండ్రి. సందంత వినబడుతుంది."

ఎలిశిబా ఆమె పెదవులు చూసి నవ్వేది.

ఇప్పుడు పిల్ల కూర్చునే చోట చాట ఒక్కటే ఉంది. నాలుగు రోజులైంది.

ఎండాకాలం తునికాకు దినాల్లో సందులోని వయసు పిల్లలంతా గుట్టలకు పోతారు. పొద్దుగాల ఆకు కోసి, కట్టలు కట్టి, గుట్ట కింద కల్లంలో ఆరబోసి, అక్కడే వండుకుని అక్కడే పడుకుంటారు. ఈ ఏడు ఎలిశిబాకు పదహారు నిండాయి. తానూ పోతానని చేతులతో బతిమాలింది. రెండు రోజులు వద్దంది మార్తమ్మ. మూడో రోజు తలకు నూనె రాసి, జడ వేసి, జొన్నరొట్టెలు మూటగట్టి తనే పంపింది. ఎవరూ బలవంతం చేయలేదు. తనే పంపింది.

ఆకు కోస్తూ కోస్తూ పిల్ల గుంపు నుంచి తప్పిపోయింది. గుంపు పిలిచింది. కల్లం మేస్త్రి ప్రకాశం ముప్పై మందిని వెంటబెట్టుకుని పోయి డప్పు కొట్టించాడు, గొంతులు పోయేటట్టు అరిపించాడు.

ఆ గుట్టల్లో మూడు కుంటలున్నాయి. కింద మోదుగుకుంట, నడుమ పులికుంట, అన్నిటికన్నా పైన బండల మధ్య దోనకుంట. ఆ కుంటల్లో ఎవరు నీళ్ళు తాగితే వాళ్ళ మొఖం నీళ్ళ మీద నిలుస్తుంది. ఇంకొకరు తాగేదాకా అట్లాగే ఉంటుంది. మనిషైనా అంతే, మేకైనా అంతే. తమకంటే ముందు ఎవరి మంద పోయిందో మేకలోళ్ళు అట్లా చూసుకుంటారు. టేకు దొంగలను అడవి కాసే జంగ్లాత్ వాళ్ళు అట్లాగే పడతారు, అందుకని టేకు దొంగలు ఎంత దూపైనా ఓర్చుకుంటారు. ఎల్దుర్తిలో చుట్టం చచ్చిపోయాడని చెప్పి ఇల్లు వదిలిన భూమయ్య మోదుగుకుంటలో మీసం మెలేసి కనబడ్డాడు. అతని పెండ్లాం ఆ ఒడ్డునే చీపురు పట్టుకుని రెండు రోజులు కూర్చుంది.

అందుకే ఒక కట్టు ఉంది. గుట్టల్లో మనిషి తప్పిపోతే, దొరికేదాకా ఆ కుంటల్లో ఎవరూ నోరు తడపరు. వెతికేవాళ్ళు తమ నీళ్ళు తామే మోసుకుపోతారు. ఒడ్డు బండ మీద నిలబడి చూస్తారు, బురదలో కాలు కూడా పెట్టరు. తప్పిపోయినవాళ్ళ మొఖం చెరపడమంటే వాళ్ళను రెండోసారి పోగొట్టడమే. తాతల నాటి నుంచి ఆ కట్టు ఎవరూ తప్పలేదు.

ఎలిశిబా మొఖం దోనకుంటలో ఉంది. రెండో రోజే చూశారు. చుట్టూ గుట్టంతా పిలిచారు, పొద్దు వాలకముందే పులి బుగులుతో కిందికి దిగారు. మళ్ళీ మర్నాడు పోయారు. మొఖం ఉంది. మనిషి లేదు. ఆ మొఖం ఏనాటిదో నీళ్ళు చెప్పవు.

నాలుగో రోజు పొద్దెక్కాక ప్రకాశం, గుడి అయ్యగారు జయానందం ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు. ప్రకాశం తలకు చుట్టిన తువ్వాల తీసి చేతుల్లో మడుస్తున్నాడు.

"వదినె, రేపటి సంది మావోళ్ళు రారు. కల్లం ఎత్తుతున్నరు. వాన పడకముందే ఆకు తరలించాలె," అన్నాడు. "దోనకుంటల కూడ నీళ్ళు గీ మంచమంత మిగిలినయి. రెండు దినాలైతే అవి కూడ ఉండయి."



జయానందం అయ్యగారు మెల్లగా అన్నారు. "ఆదివారం ఆరాధన అయినంక చిన్న జ్ఞాపక కూడిక పెట్టుకుందామమ్మా. అందరం నీతోని ఉంటం."

"ఎవరి జ్ఞాపకం?" అంది మార్తమ్మ.

ప్రకాశం తువ్వాల మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

వాళ్ళు పోయాక మార్తమ్మ లోపలికి పోయి మిగిలిన రొట్టెలు మూటగట్టింది. గోనెసంచికి తాడు కట్టి వీపుకు వేసుకుంది. గడప మీద అజ్మత్ బీ అడ్డం కూర్చుని ఉంది.

"ఏడికి?"

"గుట్టకు."

"ఒక్కదానివా?"

"ఆ."

"తొవ్వ ఎరుకనా?"

మార్తమ్మకు ఎరుక లేదు.

"తొవ్వ ఉన్న కాడికంత మొగోళ్ళు పోయొచ్చిన్రు," అంది అజ్మత్ బీ, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "తొవ్వ లేని కాడికి మనం పోదాం. మా అబ్బా గా గుట్టలల్ల చౌకీదార్. నేను పుట్టింది గాడనే. నిజాం పోయిండు, కొత్త సర్కారు వచ్చింది, గా గుట్టలకు మాత్రం ఇంక తొవ్వ పడలె. బండలన్ని నేనెరిగిన బండలే."

"వద్దు ఆపా. నీకు దమ్ము లేస్తది."

"దమ్మున్నది గన్కనే వస్తున్న. జరగు."

ఆమె తన ఇంట్లోకి పోయి, ఇరవై ఏండ్లుగా దూలానికి వేలాడుతున్న సొరకాయ బుర్ర తెచ్చింది. కడిగి, నిండా నీళ్ళు పోసి, బిరడా బిగించి, దాన్ని తన వీపుకే కట్టుకుంది. యాభై అయిదేండ్ల మనిషి, నోట్లో నాలుగే పండ్లు, కాళ్ళకు లారీ టైరు చెప్పులు.

ఆకు లారీ వాళ్ళను గుట్ట కింద దించేసరికి పొద్దు వాలుతోంది. మోదుగుకుంట మొదట వచ్చింది. బండ మీది నుంచి తొంగిచూశారు. నీళ్ళలో గడ్డం మేకపోతు ఒకటి గంభీరంగా పైకి చూస్తోంది.

"సూడు, అచ్చం మన పాత పటేలు లెక్క ఉన్నది," అంది అజ్మత్ బీ.

మార్తమ్మ నవ్వలేదు. నవ్వించాలని అజ్మత్ బీ కూడా అనుకోలేదు, నోరు ఊరుకోలేక అంది.

మోదుగుకుంట దాటాక కాలిబాట ఎడమకు మళ్ళింది. వాళ్ళు కుడికి మళ్ళారు. అక్కడి నుంచి తొవ్వ లేదు. ముళ్ళకంప ఒకచోట, జారుడు బండ ఒకచోట. పైనుంచి రాలిన రాళ్ళ మధ్య అడుగు పెట్టిన చోటల్లా కింద రాయి కదిలేది. చందమామ పెద్దగానే ఉంది. అజ్మత్ బీ ముందు, మార్తమ్మ వెనక. ఇరవై అడుగులకోసారి మార్తమ్మ ఆగి పిలిచేది.

"ఎలిశీ!"

గుట్ట ఆ పేరు తిరిగి ఇచ్చేది. ఇంకేమీ ఇచ్చేది కాదు.

అజ్మత్ బీ వెనక్కి తిరిగి అంది. "చెవులు లేని పిల్లను ఎందుకు పిలుస్తవే మార్తా?"

"నాకు వినబడనీకి."

అజ్మత్ బీ ముందుకు కదిలింది. ఆమె దమ్ము ఈలలాగా మోగుతోంది. ప్రతి బండ దగ్గరా చేయి ఆనించి నిలబడి, "ఇగో, గీడనే మా అబ్బా గొంగడి పరిచేటోడు," అనో, "ఈ బండ మీద నేను సీతాఫలాలు దాసిపెట్టేదాన్ని," అనో చెప్పేది. ఊపిరి అందడానికి నిలబడిందని చెప్పేది కాదు.

నడిరాత్రికి పులికుంట చేరారు. బండ మీద మోకాళ్ళూని ఇద్దరూ ఒక్కసారే తలలు చాచారు.

నీళ్ళలో చిరుతపులి మొఖం ఉంది. చెవులు వెనక్కి వాల్చి, నాలుక కాస్త బయట పెట్టి, కండ్లు సగం మూసి.

మార్తమ్మ దాని మూతి చూసింది. వంగి, ఇంకా వంగి, పడిపోయేటంత వంగి చూసింది. మూతి తెల్లగా ఉంది. మీసాలు శుభ్రంగా ఉన్నాయి. ఎర్రది ఎక్కడా లేదు. అయినా ఆమె చాలాసేపు తల ఎత్తలేదు.

"శుభ్రంగ ఉన్నది గద," అంది అజ్మత్ బీ, ఆమె భుజం పట్టి వెనక్కి లాగుతూ. "సూసినవు గద. ఏం తినలె. ఉపాసం పులి. లే."

బండ మీద నెగడు వేసుకుని, వీపులు ఒకరికొకరు ఆనించి కూర్చున్నారు. రొట్టె తెంపి ఇస్తే మార్తమ్మ చేతిలో పట్టుకుని ఉండిపోయింది. బుర్రలో నీళ్ళు ఒక్కొక్క గుక్క తాగి బిరడా బిగించారు. కునుకు పట్టినప్పుడల్లా మార్తమ్మకు కూతురు చేతులే కనబడ్డాయి. "పోతా, పోతా" అని బతిమాలిన చేతులు.

తెల్లవారుతుండగా మళ్ళీ ఎక్కారు. పులికుంట నుంచి దోనకుంటకు మగవాళ్ళు చుట్టు తిరిగి పోయారు. అజ్మత్ బీ నిటారుగా ఉన్న బండవాలు మీదుగా తీసుకుపోయింది. పిల్ల ఎక్కడైనా జారి చీలికలో పడి ఉంటే ఇటే ఉంటుందని. ప్రతి చీలికలోకీ తొంగిచూశారు. ఒకదానిలో ముళ్ళపంది ముళ్ళు, ఒకదానిలో ఎప్పటిదో మేక పుర్రె. మార్తమ్మ ఒక్కొక్క దానిలోకి తల పెట్టేముందు ఊపిరి బిగబట్టేది. ఖాళీగా ఉంటే ప్రాణం లేచొచ్చేది, వెంటనే మళ్ళీ కుంగేది.

పొద్దు నెత్తికెక్కేముందు అజ్మత్ బీ కాలు జారింది. పెద్దగా ఏమీ కాలేదు. వెల్లకిలా పడి రెండు గజాలు జారి ఆగింది. కానీ వీపు మీద బుర్ర బండకు కొట్టుకుని పటేలుమంది. నీళ్ళు బండ మీద పారి, వాళ్ళు చూస్తుండగానే ఆవిరైపోయాయి.

అజ్మత్ బీ పెంకులు చేతిలోకి తీసుకుని చూసింది. "ఇరవై ఏండ్లు ఒక్క చుక్క కారలె," అంది. "నా మొగుడు కూడ గంత నమ్మకంగ లేకుండె."

"వెనక్కి పోదమా?" అంది మార్తమ్మ.

"వెనక్కెంతనో ముందుకంతనే. నడువు."

దోనకుంటకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నల్లటి బండల మధ్య గిన్నెలాంటి చోటు. నీళ్ళు నడుమకు ముడుచుకుపోయి నిజంగానే మంచమంత మిగిలాయి. చుట్టూ బురద ఒడ్డున పెచ్చులు లేచి, నీళ్ళ దగ్గర ఇంకా తడిగా ఉంది. మార్తమ్మ ఒడ్డు బండ మీద బోర్లా పడుకుని చూసింది.

ఎలిశిబా నీళ్ళలోంచి చూస్తోంది.

పెదవులు పగిలాయి. జడ ఊడింది. నుదుటి మీద వెంట్రుకల్లో ఎండుటాకు ముక్క చిక్కుకుంది. గడ్డం కింద ఒక నీటిబొట్టు జారడానికి సిద్ధంగా ఉండి, జారకుండా అట్లాగే నిలిచిపోయింది. చిన్నప్పుడు చెంబు ఎత్తి తాగినప్పుడు కూడా పిల్ల గడ్డం కింద ఇట్లాగే బొట్టు ఉండేది. తుడిచేది మార్తమ్మ.

ఆమె చేయి చాచింది. నీళ్ళు అందేంత దూరంలో లేవు. చేయి అట్లాగే గాలిలో ఉంచింది.

వెనక ఏదో దభీమంది. అజ్మత్ బీ కూర్చున్న చోటే పక్కకు ఒరిగింది. మొఖం కమిలిపోయి ఉంది, చెమట ఆగిపోయింది, ఒళ్ళు కాలుతోంది. మార్తమ్మ ఆమెను నీడకు ఈడ్చి, చెంపలు తట్టింది.

"ఆపా. ఆపా!"

కండ్లు కొద్దిగా తెరుచుకున్నాయి. "ఏం లే. జర పండుకుంట."

మార్తమ్మ కుంట వైపు చూసింది. ఆమె చూపు ఎటు పోయిందో అజ్మత్ బీకి తెలిసిపోయింది. ఎండిన చేత్తో ఆమె ముంజేయి పట్టుకుంది.

"వద్దు. నీ బిడ్డ మొఖం నేను తాగ."

"ఆపా, సస్తవు."

"సస్తే సస్త. నాకెవరున్నరు ఏడ్వనీకి. గా మొఖం పోతే నీకేముంటది?" ఆమె మాట ముద్దగా వస్తోంది. "తాగ. అల్లా మీద ఒట్టు." నాలుగు పండ్లూ బిగించి, పెదవులు మూసుకుని, మొఖం అవతలికి తిప్పుకుంది.

మార్తమ్మ లేచింది. బండ దిగింది. ఎవరూ కాలు పెట్టని బురదలో కాలు పెట్టింది. మడమల దాకా దిగబడింది. నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూలి కూతురి మొఖాన్ని దగ్గరగా చూసింది. ఎంతసేపో కాదు. అజ్మత్ బీ దమ్ము ఈల వెనక సన్నబడుతోంది.

రెండు చేతులూ ముంచింది. ఎలిశిబా నుదురు చీలింది. కండ్లు విడిపోయాయి. గడ్డం కింది బొట్టు ఎక్కడికి పోయిందో తెలియదు. మార్తమ్మ దోసిలి నోటికెత్తి తాగింది. నీళ్ళు మట్టి వాసన వేశాయి. మింగలేకపోయింది, మింగింది.

కుంట అలలు సర్దుకున్నాయి. నీళ్ళలో నలభై రెండేండ్ల ఆడమనిషి మొఖం, ఎవరిదో లాగా ఉంది.

ఆమె అజ్మత్ బీ చంకల కింద చేతులు వేసి బురదలోంచి ఈడ్చుకొచ్చింది. "నేను తాగిన," అంది. "ఇగ ఆ మొఖం లేదు. నీ ఒట్టు నీకే ఉన్నది. తాగు."

అజ్మత్ బీ నీళ్ళలోకి చూసింది. మార్తమ్మ మొఖం చూసింది. ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు అనుకోవాలి, కండ్లలో మాత్రం నీళ్ళు లేవు. తర్వాత పశువులాగా నోరు పెట్టి తాగింది. తాగి, దగ్గి, మళ్ళీ తాగింది.

"ఎంత పని చేసినవే పిచ్చిదానా," అంది చివరికి.

"ఒకరు పోయింది సాలు," అంది మార్తమ్మ.

ఆమెను నీడలో పడుకోబెట్టి, తడి కొంగు నెత్తిన వేసి, మార్తమ్మ ఆ మధ్యాహ్నమంతా దోనకుంట చుట్టూ ఒక్కతే తిరిగింది. పిలిచింది. గొంతు పోయాక చప్పట్లు కొట్టింది. చప్పట్లు కూడా వినబడవని గుర్తొచ్చి చేతులు దించేసింది. కుంట అవతల బండలు ఒకదాని మీద ఒకటి పడి, చీలికలు చీలికలుగా లోయలోకి దిగిపోయాయి. అన్నిటిలోకీ పోవాలంటే నెల పడుతుంది. పొద్దు రెండు బారలు ఉండగా వెనక్కొచ్చింది. అజ్మత్ బీకి జ్వరం తగిలింది. నీళ్ళు పట్టుకుపోవడానికి గిన్నె లేదు. చీకటి పడితే ఆ బండవాలు దిగలేరు.

పోయేముందు బండ మీది నుంచి ఒకసారి చూసింది. కుంట నిండా అజ్మత్ బీ మొఖం, నోరు తెరుచుకుని, నాలుగు పండ్లతో. ఆదివారం కూడికకు తెల్లచీర ఉతికి పెట్టుకోవాలన్న ఆలోచన దానంతటదే వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన తల బండకు కొట్టుకోవాలనిపించింది.

ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. అజ్మత్ బీ కాళ్ళు ఈడుస్తోంది, టైరు చెప్పులు దుమ్ములో గీతలు గీస్తున్నాయి. పులికుంటకు వచ్చేసరికి చందమామ లేచింది. ఈసారి మార్తమ్మ ఆలోచించలేదు. బురదలోకి నడిచి అజ్మత్ బీకి పట్టింది, తాను తాగింది. ముందు పులి పోయింది, తర్వాత అజ్మత్ బీ పోయింది, చివరకు తన మొఖమే మిగిలింది. ఎవరి మొఖం ఉంటే ఏమిటి ఇప్పుడు? అజ్మత్ బీని రాత్రి పడుకున్న బండ పక్కనే పడుకోబెట్టి, గోనెసంచి కప్పి, పక్కన ఒరిగింది. ప్రార్థన చేద్దామని కండ్లు మూసుకుంది. మాట రాలేదు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, ఒళ్ళెరుగని నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. అజ్మత్ బీ గురక పెడుతోంది. నుదుటి మీద చేయి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది. కొంగు తడుపుకొద్దామని మార్తమ్మ లేచి, కండ్లు నులుముకుంటూ కుంటలోకి దిగింది. వంగింది.

నీళ్ళలో ఉన్నది తను కాదు.

ఎలిశిబా. దోనకుంటలో చూసిన మొఖం కాదు. చెంప మీద చెవి దాకా కొత్త గీరు, ఇంకా ఎండని రక్తం. నుదుటి మీద ఆకుముక్క లేదు. దుమ్ము కొట్టుకుపోయిన కండ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి.

మార్తమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. పిలవలేదు.

చూసింది. బురదలో తన అడుగులున్నాయి. వాటి పక్కన ఒక కాలి అచ్చు, ఒక కర్ర గుచ్చిన గుంట. మళ్ళీ ఒక అచ్చు, ఒక గుంట. నీళ్ళ దాకా వచ్చి, నీళ్ళ నుంచి మళ్ళాయి. ఆమె ఆ అచ్చుల వెంట వంగి వంగి నడిచింది. బురద అయిపోయింది, ఎండిన మట్టి వచ్చింది, తాము పడుకున్న బండే వచ్చింది. అజ్మత్ బీకి అవతలి పక్క, గోనెసంచి కొస లాక్కుని, ముసలిదాని వీపుకు ముడుచుకుని ఎలిశిబా నిద్రపోతోంది. ఎడమ చీలమండ కుండంత వాచి ఉంది. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

మార్తమ్మ పక్కన కూర్చుంది. కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వేలికి వెచ్చగా తగిలింది.

ఎలిశిబా కండ్లు తెరిచింది. తల్లిని చూసింది. లేచి కూర్చుని, ముందు ఏడవలేదు. చేతులు ఎత్తి చెప్పడం మొదలుపెట్టింది, తొందర తొందరగా. మార్తమ్మ ఆ చేతుల నుంచి కన్ను తీయలేదు.

పైన, బండల్లో, కాలు జారింది. ఎండకు చీలికలో పడుకునేది. పొద్దు గూకాక పాక్కుంటూ నీళ్ళకు వచ్చేది. మూడు వేళ్ళు చూపింది. మొదటి మాపు కాక ఇంకా మూడు మాపులు. నీళ్ళలోకి చూసేది, ఎవరన్నా వచ్చారా అని. పిల్ల తన గుండె మీద చేయి పెట్టుకుంది. నేనే. మళ్ళీ చూసేది. నేనే. మూడోనాడు కూడా నేనే. ఎవరూ రాలేదు. ఎవరూ వెతకడం లేదు. నిన్న నీళ్ళు తాగి, అవతలి లోయలోకి దిగి పోదామనుకుంది. చెయ్యి అటు చూపి, కింద, ఇంకా కింద అన్నట్టు ఆడించింది. చివరిసారి తాగుదామని నీళ్ళకు వచ్చింది.

అప్పుడు పిల్ల నోరు బొక్కగా తెరిచి, నాలుగు వేళ్ళు పండ్లలాగా పెట్టుకుని, కండ్లు పెద్దవి చేసింది. ఈమె ఉంది! బురదలో ఈమె చెప్పుల గీతలు. రాత్రంతా ఆ గీతలు పట్టుకుని...

మార్తమ్మకు ముప్పై మంది మగవాళ్ళు కనబడ్డారు. రెండు రోజులు, ఒకరి తర్వాత ఒకరు, ఆ బండ మీద నిలబడి తన బిడ్డ మొఖం చూసి, దూపతో నాలుకలు పిడచగట్టుకుని, నోరు తడపకుండా, బురదలో కాలు పెట్టకుండా వెనక్కి మళ్ళిన మంచివాళ్ళు. పొద్దు గూకాక వచ్చి చూసుకున్న పిల్లకు, వాళ్ళెవరూ వచ్చినట్టే లేదు. నిన్న తాను కూడా ఆ మొఖాన్ని కాపాడుకుని దిగి ఉంటే, ఈ పాటికి పిల్ల లోయలో ఉండేది.

ఆమె గొంతులోంచి ఏదో వచ్చింది. ఆ చప్పుడుకు అజ్మత్ బీ కదిలి, ఇటు తిరిగి, ఎలిశిబాను చూసింది. చాలాసేపు చూసింది. జ్వరం వల్ల కనబడుతోందేమోనని చేత్తో తడిమింది.

"ఏమంటుందే?" అంది.

"నీ మొఖం సూసి వచ్చిందంట."

"నా మొఖమా?"

"దోనకుంటల. నీ మొఖం సూసి, నీ చెప్పుల గీతలు పట్టుకొని."

అజ్మత్ బీ నోటి మీద చేయి పెట్టుకుంది. పెద్దపెద్ద కన్నీళ్ళు చెంపల ముడతల్లోకి జారాయి. "నా మొగుడు గీ మొఖం సూసే నిజాంపేట పారిపోయిండు," అంది. "సూసి దగ్గరికొచ్చింది నువ్వొక్కదానివేనే, నా తల్లీ." పిల్ల తల పట్టుకుని తన ఎండిన రొమ్ముకు అదుముకుంది. ఆమె ఏమందో ఎలిశిబాకు కనబడలేదు. కానీ ఆ ఒళ్ళు వణకడం తెలిసి, అప్పుడు ఏడ్చింది.

ఎండ ఎక్కేలోపు దిగాలి. రొట్టె తడిపి ముగ్గురూ తిన్నారు. కర్ర అజ్మత్ బీ చేతికిచ్చి, మార్తమ్మ వంగి కూతురిని వీపుకెత్తుకుంది. పదహారేండ్ల బరువు. మోకాళ్ళు వణికాయి, నిలబడ్డాయి. అడుగు పెట్టిన చోటల్లా రాయి కదులుతోంది. ఆమె రాయి చూసి, ఆనించి, బరువు మోపి, ఇంకో అడుగు వేసింది. వెనక అజ్మత్ బీ కర్ర టకటకలాడుతోంది.

"జర మెల్లగ పోవే. నేనేమన్న మేకనా?"

ఎలిశిబా చేతులు తల్లి మెడ చుట్టూ వచ్చాయి. చీరుకుపోయిన వేళ్ళు గొంతు మీద ఆగాయి.

"ఎలిశీ," అంది మార్తమ్మ. గట్టిగా కాదు.

గొంతు మీద వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. కాసేపు కదలలేదు. తర్వాత రెండుసార్లు మెల్లగా తట్టాయి, ఇంకోసారి అను అన్నట్టు.

మార్తమ్మ ఇంకోసారి అంది.